కౌన్సిల్ ట్యాక్స్ బిల్లులో పోలీసు వాటా: లెక్క ఎలా సరిచూడాలి, ఎవరిని ఎప్పుడు అడగాలి

ఇంగ్లండ్, వేల్స్‌లో మార్చిలో ఇంటికొచ్చే కౌన్సిల్ ట్యాక్స్ (ఇళ్ల మీద స్థానిక కౌన్సిల్ వసూలు చేసే పన్ను) బిల్లును చాలామంది అడుగున ఉన్న మొత్తం చూసి పక్కన పెట్టేస్తారు. ఈసారి పై వరుసలు కూడా చూడండి. కౌంటీ కౌన్సిల్‌కి ఇంత, డిస్ట్రిక్ట్ లేదా బరో కౌన్సిల్‌కి ఇంత, ఫైర్ అథారిటీకి ఇంత, పల్లెల్లో అయితే ప్యారిష్ కౌన్సిల్‌కి ఇంత అని ఉంటుంది. వాటి మధ్యలో 'పోలీస్ అండ్ క్రైమ్ కమిషనర్' (స్థానిక పోలీసు దళాన్ని పర్యవేక్షించడానికి ఓటర్లు ఎన్నుకునే వ్యక్తి) పేరుతో ఒక వరుస కనిపిస్తుంది. ఎదురుగా పౌండ్లలో అంకె, దాని పక్కన నిరుటి కన్నా ఎంత శాతం పెరిగిందో ఉంటాయి. దాన్నే ప్రీసెప్ట్ అంటారు. ఇంగ్లండ్, వేల్స్‌లో స్థానిక పోలీసు దళానికి ఇళ్ల నుంచి నేరుగా చేరే డబ్బు అదే. మిగతాదంతా దాదాపు ప్రభుత్వ గ్రాంట్లే. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో ఈ వరుస ఉండదు, అక్కడి ఏర్పాటే వేరు.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. బిల్లు పంపేది కౌన్సిలే అయినా పోలీసు వాటాను నిర్ణయించేది కౌన్సిల్ కాదు. వసూలు చేసి అటు అందించడమే దాని పని. 'పోలీసు పన్ను ఎందుకు పెంచారు' అని కౌన్సిల్ కౌంటర్ దగ్గర నిలదీస్తే, వాళ్లు మర్యాదగా వేరే చిరునామా చెప్పి పంపిస్తారు. నిర్ణయం కమిషనర్‌ది. గ్రేటర్ మాంచెస్టర్, వెస్ట్ యార్క్‌షైర్, సౌత్ యార్క్‌షైర్, యార్క్ అండ్ నార్త్ యార్క్‌షైర్‌లలో ఆ అధికారం మేయర్ చేతిలో ఉంది. లండన్‌లోనూ మేయరే. అక్కడి బిల్లులో అది గ్రేటర్ లండన్ అథారిటీ వాటాలో కలిసి ఉంటుంది, అందులో మెట్రోపాలిటన్ పోలీసులకు ఎంతో విడిగా చూపిస్తారు. కొన్నిచోట్ల కమిషనర్ ఫైర్ సర్వీసునూ చూస్తారు. అలాంటి చోట్ల రెండు వరుసలుంటాయి, వాటిని కలిపి చూసి కంగారు పడకండి.

కమిషనర్ పదవులు 2012 నవంబరు ఎన్నికలతో మొదలయ్యాయి. ప్రస్తుత పదవీకాలం ముగిసే 2028 మేలో వాటిని రద్దు చేస్తామని ప్రభుత్వం 2025 నవంబరులో ప్రకటించింది. అంతవరకు కింద చెప్పిన పద్ధతే నడుస్తుంది.

మీ బ్యాండ్‌కి లెక్క

ఇళ్లను విలువను బట్టి ఎ, బి, సి, డి అంటూ బ్యాండ్లుగా విభజిస్తారు. పత్రికల్లో, పత్రికా ప్రకటనల్లో కనిపించే అంకె ఎప్పుడూ బ్యాండ్ డి ఇంటిది. మీది బ్యాండ్ డి కాకపోతే దాన్ని మార్చుకోవాలి. బ్యాండ్ డి మొత్తాన్ని 9తో భాగించి, మీ బ్యాండ్ అంకెతో గుణించండి: ఎ అయితే 6, బి 7, సి 8, డి 9, ఇ 11, ఎఫ్ 13, జి 15, హెచ్ 18. వేల్స్‌లో ఐ అని మరో బ్యాండ్ ఉంది, దానికి 21. ఇంగ్లండ్‌లో బ్యాండ్‌ని 1991 ఏప్రిల్ 1 నాటి ఇంటి విలువతో, వేల్స్‌లో 2003 ఏప్రిల్ 1 నాటి విలువతో నిర్ణయిస్తారు. మీరు నిన్న ఎంత పెట్టి కొన్నారన్నది దీనికి పట్టదు.

బ్యాండ్ డి 260 పౌండ్లనుకుందాం. బ్యాండ్ ఎ ఇంటికి 173.33, బ్యాండ్ సి ఇంటికి 231.11, బ్యాండ్ హెచ్‌కి 520 పౌండ్లు. బ్యాండ్ సి ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే 25 శాతం తగ్గింపు వస్తుంది, అప్పుడు కట్టేది మళ్లీ 173.33. అంటే సి బ్యాండ్ ఇంట్లో ఒంటరిగా ఉన్నవారు, ఎ బ్యాండ్ ఇంట్లో ఉన్న దంపతులు పోలీసులకు కట్టేది సమానమే.

తగ్గింపులు బిల్లు మొత్తానికి వర్తిస్తాయి కాబట్టి పోలీసు వాటా కూడా ఆ మేరకు తగ్గుతుంది. ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే పూర్తి మినహాయింపు ఉంటుంది. ఉద్యోగం చేసేవారు ఒకరు, మిగిలినవారు విద్యార్థులు అయితే విద్యార్థులను లెక్కలోకి తీసుకోరు కనుక 25 శాతం తగ్గుతుంది. ఇది దానంతట అది రాదు, యూనివర్సిటీ ఇచ్చే సర్టిఫికెట్‌తో కౌన్సిల్‌కి అర్జీ పెట్టాలి. పోలీసుల మీద కోపంతో ఆ ఒక్క వాటా ఆపుకొని మిగతాది కడతామంటే కుదరదు. బకాయి మొత్తం కౌన్సిల్ ట్యాక్స్ బకాయే అవుతుంది, వ్యవహారం మేజిస్ట్రేట్ కోర్టులో లయబిలిటీ ఆర్డర్ (బకాయి రాబట్టుకోవడానికి కోర్టు ఇచ్చే ఆదేశం) దాకా వెళ్తుంది, ఖర్చులు కూడా మీ నెత్తినే పడతాయి.

260 పౌండ్లు ఎక్కడి నుంచి వచ్చింది

ప్రీసెప్ట్ అనేది మిగిలిన లోటు. ఖర్చు ఎంతో తేల్చి, వచ్చే డబ్బంతా తీసేసి, మిగిలినదాన్ని ఇళ్ల మీద పంచుతారు. బడ్జెట్ కాగితాల్లో అంకెలు మిలియన్లలో ఉంటాయి, ఒక మిలియన్ అంటే 10 లక్షలు. కిందివి లెక్క అర్థం కావడానికి మేం వేసుకున్న అంకెలు, ఏ దళానివీ కావు.

ఏడాది ఖర్చు 20.2 కోట్ల పౌండ్లు. గ్రాంట్లు 12 కోట్లు. ఫుట్‌బాల్ మ్యాచ్‌ల బందోబస్తుకు క్లబ్బుల నుంచి వచ్చే ఫీజు, బ్యాంకు వడ్డీ వంటి సొంత ఆదాయం 20 లక్షలు. రిజర్వుల (దాచి ఉంచిన నిధుల) నుంచి తీసేది 10 లక్షలు. కలెక్షన్ ఫండ్ (కౌన్సిల్ వసూలు చేసిన పన్ను జమయ్యే ఖాతా) మిగులులో వాటా 10 లక్షలు. ఇవన్నీ పోగా 7.8 కోట్లు మిగులుతుంది. ఆ ప్రాంతపు ట్యాక్స్ బేస్ 3 లక్షలు అనుకుంటే, 7.8 కోట్లను 3 లక్షలతో భాగించగా వచ్చేదే 260.

ఈ భాగాహారంలో అందరూ తడబడేది ట్యాక్స్ బేస్ దగ్గర. అది ఇళ్ల సంఖ్య కాదు. ప్రతి ఇంటినీ బ్యాండ్ డి కొలతలోకి మార్చి (మూడు ఎ బ్యాండ్ ఇళ్లు కలిస్తే రెండు డి ఇళ్లు), ఒంటరి నివాసుల తగ్గింపులు, తక్కువ ఆదాయం వారికిచ్చే కౌన్సిల్ ట్యాక్స్ సపోర్ట్ తీసేసి, చివర్లో ఎంత శాతం వసూలవుతుందన్న అంచనాతో గుణించగా తేలే సంఖ్య. ఒక్కో కౌన్సిల్ తన ట్యాక్స్ బేస్‌ను డిసెంబరు 1, జనవరి 31 మధ్య ఖరారు చేస్తుంది. పోలీసులు వాటన్నిటినీ కలుపుకుంటారు. కాబట్టి ఒక కౌన్సిల్ తన సపోర్ట్ పథకాన్ని ఉదారం చేస్తే పోలీసు ఆదాయం కూడా తగ్గుతుంది. అందుకే ఆ పథకం మార్చేముందు పోలీసులను సంప్రదించాలని చట్టంలోనే ఉంది. రెండో ఇంటి మీద వేసే అదనపు పన్ను దీనికి వ్యతిరేక దిశలో పనిచేస్తుంది, ట్యాక్స్ బేస్‌ను పెంచుతుంది.

నిరుడు బ్యాండ్ డి 246, ట్యాక్స్ బేస్ 2.96 లక్షలు అనుకోండి. బిల్లులో 5.7 శాతం పెరుగుదల కనిపిస్తుంది. రేటు పెంపు వల్ల వచ్చేది 14 గుణించు 3 లక్షలు, అంటే 42 లక్షల పౌండ్లు. కొత్త ఇళ్ల వల్ల మరో 4,000 గుణించు 246, అంటే 9.84 లక్షలు. కమిషనర్ ప్రకటన 14 పౌండ్ల గురించే మాట్లాడుతుంది, ఈ రెండోదాని ఊసెత్తదు. మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇక్కడే దొరికింది.

కలెక్షన్ ఫండ్ మిగులునూ కాస్త అనుమానంగా చూడాలి. కౌన్సిల్ వేసుకున్న అంచనా కన్నా ఎక్కువ వసూలైతే మిగులు, తక్కువైతే లోటు. జనవరి 15 నాటికి అంచనా కట్టి వాటాల ప్రకారం పంచుతారు. అది ఆ ఒక్క ఏడాది సొమ్ము. దాంతో ఏటా జీతం ఇవ్వాల్సిన కొత్త పోస్టులు పెడితే మరుసటి ఏడాది అదే మొత్తం లోటుగా తిరిగొస్తుంది. రిజర్వులదీ ఇదే కథ.

గ్రాంట్ వైపు

హోం ఆఫీస్ (హోం శాఖ) డిసెంబరు మధ్యలో తాత్కాలిక కేటాయింపులు ప్రకటిస్తుంది. జనవరి చివర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో అవి ఖరారవుతాయి, తర్వాత పార్లమెంటులో ఓటింగు జరుగుతుంది. ఆ ప్రకటనలో 'ఇంతవరకు' (అప్ టు) అన్న మాట కనిపిస్తే ఆగి చదవండి. పోలీసులకు ఈ ఏడాది ఇంతవరకు అందుతుంది అన్నప్పుడు, దేశంలోని ప్రతి కమిషనర్ ప్రీసెప్ట్‌ను ప్రభుత్వం పెట్టిన పరిమితి దాకా పెంచుతారన్న ఊహ అందులో కలిసి ఉంటుంది. అంటే ప్రభుత్వం ఇస్తున్నట్టు చెప్పే పెంపులో కొంత మీ జేబులోదే.

గ్రాంట్ పంపకానికి జనాభా, సామాజిక పరిస్థితుల వంటి అంశాలతో ఒక ఫార్ములా ఉంది. పేరుకి ఉందనే చెప్పాలి. 2013-14 నుంచి ప్రధాన గ్రాంట్‌లో మార్పులు అన్ని దళాలకూ ఒకే శాతంలో చేస్తూ వస్తున్నారు. 2015లో కొత్త ఫార్ములా తేవాలని చూశారు, లెక్కల్లో వాడిన డేటా తప్పని బయటపడి ఆ నవంబరులో ఆపేశారు. మీ ప్రాంతంలో జనాభా ఎంత పెరిగినా గ్రాంట్ ఆ దామాషాలో పెరగకపోవడానికి కారణం ఇదే.

ప్రధాన గ్రాంట్‌తో పాటు షరతులున్న గ్రాంట్లు వస్తాయి. 2025-26లో అధికారుల సంఖ్య తగ్గకుండా చూసినందుకు ఇచ్చింది ఒకటి, నైబర్‌హుడ్ (పేట స్థాయి) పోలీసింగ్ కోసం దేశం మొత్తానికి ఇచ్చిన 20 కోట్ల పౌండ్లు మరొకటి. వీటిని వేరే పనికి మళ్లించలేరు. యూనిఫాం అధికారుల సంఖ్య నిలబెట్టకపోతే అప్పుడు గ్రాంట్ కోత పడేది కనుక, పొదుపు అవసరమైనప్పుడు కత్తి కాల్ హ్యాండ్లర్లు, దర్యాప్తు సహాయకులు, పీసీఎస్‌ఓల (పోలీస్ కమ్యూనిటీ సపోర్ట్ ఆఫీసర్లు, పూర్తి పోలీసు అధికారాలు లేని గస్తీ సిబ్బంది) వంటి సిబ్బంది మీద పడేది. అధికారులు తగ్గలేదు కదా, 101కి (అత్యవసరం కాని ఫిర్యాదుల పోలీసు నంబరు) ఫోన్ చేస్తే ఎందుకు ఎత్తరు అని అడిగేవాళ్లకు జవాబులో కొంత భాగం ఇది.

అనుకోని పెద్ద దర్యాప్తు మీద పడితే స్పెషల్ గ్రాంట్ అడగొచ్చు. అయితే ఆ ఖర్చు దళం వార్షిక బడ్జెట్‌లో 1 శాతం దాటాలి. పైన చెప్పిన దళానికైతే దాదాపు 20 లక్షల పౌండ్లు సొంతంగా భరించాకే ఆ తలుపు తట్టాలి.

ఒకే పరిమితి, రకరకాల రాబడి

ఇంగ్లండ్‌లో ప్రీసెప్ట్ ఎంత పెంచవచ్చో ప్రభుత్వం ఏటా పరిమితి పెడుతుంది, బ్యాండ్ డి మీద పౌండ్లలో. 2019-20లో 24, 2020-21లో 10, 2023-24లో 15, 2024-25లో 13, 2025-26లో 14 పౌండ్లు. అది దాటితే ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. పోలీసు పన్ను కోసం అలా జరిగింది బెడ్‌ఫర్డ్‌షైర్‌లో, 2015 మే 7న. 15.8 శాతం పెంపు అడిగితే ఓటేసినవారిలో దాదాపు 70 శాతం వద్దన్నారు. ఆర్థిక సంవత్సరం అప్పటికే మొదలై పెంచిన బిల్లులు వెళ్లిపోయాయి కాబట్టి వాటిని సరిదిద్ది మళ్లీ పంపాల్సి వచ్చింది. ఆ తర్వాత కమిషనర్లంతా పరిమితిలోపే ఉంటున్నారు. వేల్స్‌లో ఈ రిఫరెండం నిబంధన లేదు, పెంపు మితిమీరితే అడ్డుకునే అధికారం అక్కడి మంత్రులకుంది.

ఇప్పుడు ఈ 14 పౌండ్లను రెండు ప్రాంతాలకు వేసి చూడండి. పెద్ద ఇళ్లున్న ప్రాంతం, ట్యాక్స్ బేస్ 3 లక్షలు: వచ్చేది 42 లక్షలు. అంతే బడ్జెట్ ఉన్న, ఎ, బి బ్యాండ్ ఇళ్లే ఎక్కువున్న ప్రాంతం, ట్యాక్స్ బేస్ 1.6 లక్షలు: వచ్చేది 22.4 లక్షలు. రెండు చోట్లా జీతాల పెంపు ఒకటే. సర్రే పోలీసుల డబ్బులో సగానికి పైగా ఇళ్ల నుంచే వస్తుంది. నార్తంబ్రియాలో అది దాదాపు అయిదో వంతే. కాబట్టి గ్రాంట్‌కి కోత పడితే నార్తంబ్రియా ఎక్కువగా నష్టపోతుంది, దాన్ని ప్రీసెప్ట్‌తో పూడ్చుకోవడమూ దానికే కష్టం. పక్క జిల్లాతో బ్యాండ్ డి అంకెలు పోల్చి 'మన దగ్గర ఇంత తక్కువ కదా' అని మురిసిపోయే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

జీతాల సంగతి దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ఏటా బడ్జెట్ గాడి తప్పేది అక్కడే. మన ఉదాహరణ దళంలో జీతాల ఖర్చు 16 కోట్లు అనుకోండి. 1 శాతం పెంపు అంటే ఏడాదికి 16 లక్షలు. 14 పౌండ్ల పెంపుతో వచ్చిన 42 లక్షలు 2.6 శాతం జీతాల పెంపుకే చెల్లిపోతాయి. బడ్జెట్ ఫిబ్రవరిలో ఖరారైతే, జీతాల నిర్ణయం వేసవిలో వెలువడి సెప్టెంబరు 1 నుంచి అమలవుతుంది. 2025లో హోం ఆఫీస్ 2.8 శాతం భరించగలమంది, ఖరారైంది 4.2 శాతం. తేడా 1.4 శాతం, మన దళానికి ఏడాదికి 22.4 లక్షలు. సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఏడు నెలలే కనుక ఆ ఏడాది పడేది 13 లక్షలు. మిగిలిన 9 లక్షల పైచిలుకు వచ్చే ఏడాది బడ్జెట్‌లో నిశ్శబ్దంగా వచ్చి కూర్చుంటుంది. అదనపు గ్రాంట్ ఇస్తే ఇందులో కొంత తగ్గుతుంది, కానీ అది ఎంతో ముందుగా ఎవరూ చెప్పలేరు.

ఎప్పుడు కదలాలి

బిల్లు చేతికొచ్చాక అరవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ప్రీసెప్ట్‌ను మార్చి 1 లోపు జారీ చేసేస్తారు, కౌన్సిళ్లు మార్చి 11 లోపు పన్ను ఖరారు చేస్తాయి. మీ మాటకు విలువుండేది డిసెంబరు మధ్య నుంచి జనవరి చివరిదాకా.

ప్రీసెప్ట్ జారీకి ముందు ప్రజల అభిప్రాయం తీసుకోవడం కమిషనర్ల బాధ్యత. సాధారణంగా కమిషనర్ వెబ్‌సైట్‌లో ఒక సర్వే పెడతారు, కొన్నిచోట్ల రెండు మూడు వారాలే ఉంటుంది. ప్రశ్న తరచూ 'మెరుగైన పోలీసింగ్ కోసం నెలకు ఇంత అదనంగా ఇస్తారా' అన్న ధోరణిలో ఉంటుంది. అవును, కాదు అని టిక్ పెట్టి ఊరుకోకండి, కింద రాసుకునే పెట్టె ఉంటే వాడుకోండి.

ఆ తర్వాత మెట్టు పోలీస్ అండ్ క్రైమ్ ప్యానెల్. ఆ ప్రాంతంలోని కౌన్సిళ్ల కౌన్సిలర్లు, కనీసం ఇద్దరు స్వతంత్ర సభ్యులు ఇందులో ఉంటారు. కమిషనర్ తన ప్రతిపాదనను ఫిబ్రవరి 1 లోపు ప్యానెల్‌కి చెప్పాలి. ప్యానెల్ ఫిబ్రవరి 8 లోపు చర్చించి నివేదిక ఇవ్వాలి. వద్దనుకుంటే వీటో చేయొచ్చు, దానికి మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది ఓటు కావాలి. 12 మంది ప్యానెల్‌లో 8 మంది. హాజరైనవారిలో లెక్క కాదు కాబట్టి సమావేశానికి రాని సభ్యుడు వీటోకి వ్యతిరేకంగా ఓటేసినట్టే. వీటో పడితే కమిషనర్ ఫిబ్రవరి 15 లోపు సవరించిన అంకెతో రావాలి. ఎక్కువైందని వీటో చేస్తే తగ్గించాలి, తక్కువైందంటే పెంచాలి. కానీ ఎంత తగ్గించాలో చట్టం చెప్పదు, రెండోసారి వీటో కూడా లేదు. ప్యానెల్‌కి ప్రీసెప్ట్ అంకె మీదే అధికారం, బడ్జెట్‌లో ఈ పద్దు తీసెయ్, ఆ పద్దు పెంచు అనలేదు. లండన్‌లో దారి వేరు: మేయర్ తుది బడ్జెట్‌ను లండన్ అసెంబ్లీ మూడింట రెండొంతుల ఓట్లతో సవరించవచ్చు.

ప్యానెల్ సమావేశాలు బహిరంగమే. కాగితాలు కనీసం అయిదు పనిదినాల ముందే ప్యానెల్‌ను నడిపే కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పెడతారు. ప్రజలు ప్రశ్న పంపడానికి గడువు ఒక్కో ప్యానెల్‌కి ఒక్కోలా ఉంటుంది. అది కాగితాలు బయటికి రాకముందే ముగిసిపోయే చోట్లు కూడా ఉంటాయి కనుక నవంబరులోనే నిబంధనలు చూసి పెట్టుకోండి. వీటన్నిటికన్నా పనిచేసే దారి ఒకటుంది: ప్యానెల్‌లో మీ కౌన్సిల్ తరఫున కూర్చునే కౌన్సిలర్ ఎవరో కనుక్కొని, సమావేశానికి వారం ముందు నాలుగు వాక్యాల ఈమెయిల్ పంపండి. చదవాల్సిన కాగితాల గుట్ట ముందున్న మనిషికి సిద్ధంగా ఉన్న ప్రశ్న వరమే.

ప్రశ్నకు అంకె జవాబుగా రావాలి. 'పోలీసులు రోడ్ల మీద కనిపించడం లేదు' అంటే 'మేం కట్టుబడి ఉన్నాం' అన్న జవాబే వస్తుంది. బదులుగా ఇలా అడగండి: బ్యాండ్ డి మీద 1 పౌండ్ పెంచితే ఎంత వస్తుంది? జీతాల పెంపు ఎంత శాతం అనుకున్నారు, అది 1 శాతం మించితే డబ్బు ఎక్కడిది? ఈ బడ్జెట్‌లో ఒక్క ఏడాదికే పనికొచ్చే సొమ్ము ఎంత, దాంతో పెట్టిన శాశ్వత ఖర్చు ఎంత? పెంపు లేకపోతే తీసేసే పోస్టులు ఏ విభాగంలోవి? చీఫ్ ఫైనాన్స్ ఆఫీసర్ ఇచ్చే నివేదికను తప్పకుండా చదవండి. అంచనాలు గట్టివేనా, రిజర్వులు సరిపోతాయా అన్నది ఆయన లేదా ఆమె రాతపూర్వకంగా చెప్పాలి. బడ్జెట్ కాగితాల్లో ప్రచారం తక్కువగా ఉండే భాగం అదే.

ఖర్చయ్యాక

500 పౌండ్లు దాటిన చెల్లింపులను కమిషనర్ కార్యాలయం ప్రచురించాలి. ఆ పట్టికలో సరఫరాదారు పేరు, మొత్తం ఉంటాయి, ఎందుకన్నది సరిగా ఉండదు. వివరం కావాలంటే సమాచార హక్కు కింద అడగండి, 20 పనిదినాల్లో జవాబివ్వాలి. కమిషనర్, చీఫ్ కాన్‌స్టేబుల్ (పోలీసు దళాధిపతి) చట్టం దృష్టిలో వేర్వేరు సంస్థలు, తప్పు చోటికి పంపితే నెల వృథా. ఏడాదికోసారి 30 పనిదినాల పాటు లెక్కల పుస్తకాలు, బిల్లులు, ఒప్పందాలు చూసే హక్కు కూడా ఉంది. తేదీలు నోటీసులో వేస్తారు. ఓటరు జాబితాలో పేరున్నవారు ఆ గడువులో ఆడిటర్‌ను ప్రశ్నించవచ్చు, ఏదైనా పద్దు మీద అభ్యంతరం పెట్టవచ్చు.

ఊరికి మరో పీసీఎస్‌ఓ కావాలనుకునే ప్యారిష్ కౌన్సిళ్లకు ఇంకో దారి: కౌన్సిళ్లు పోలీసులకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చు. అప్పుడు ఆ ఖర్చు బిల్లులో పోలీసు వరుసలో కాక ప్యారిష్ వరుసలో కనిపిస్తుంది. సంతకం చేసేముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. డబ్బు మీదైనా ఆ మనిషిని ఎక్కడికి పంపాలన్నది చీఫ్ కాన్‌స్టేబుల్ ఇష్టం కాబట్టి వారానికి ఎన్ని గంటలు మీ ఊళ్లో ఉంటారో ఒప్పందంలో రాయించుకోండి. పీసీఎస్‌ఓలు పోలీసు అధికారులుగా చేరి వెళ్లిపోవడం మామూలే. పోస్టు ఖాళీగా ఉన్న నెలలకు డబ్బు తిరిగి ఇస్తారా, వచ్చే ఏడాదికి జమ చేస్తారా అన్నదీ అందులోనే ఉండాలి.